కొన్న ప్రాజెక్టు కన్నా మిద్దె మీద రైలు మేలు!

"ఏ ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందన్నా?"

టెక్ బ్లాగ్ రాస్తున్న నాకు విద్యార్థుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఏఐ చేయమంటారా, బ్లాక్‌చెయిన్ చేయమంటారా, ఐఓటీకి ఇంకా డిమాండ్ ఉందా అని అడుగుతుంటారు. నా జవాబు విని చాలామంది నవ్వుతారు. రైలు కట్టండి అంటాను. బొమ్మ రైలే. కానీ డబ్బాలోంచి తీసి టేబుల్ మీద తిప్పేది కాదు. ఆరుబయట, మట్టిలో, మొక్కల మధ్య, ఎండకీ వానకీ తట్టుకుని నడిచే నారో గేజ్ రైలు. గీసేదీ మీరే, కట్టేదీ మీరే, నడిపేదీ మీరే.

ఎందుకో చెప్పే ముందు మనందరికీ తెలిసిన ఒక నిజం మాట్లాడుకుందాం. ఫైనలియర్ రాగానే బ్యాచ్‌లో సగం మంది అమీర్‌పేట మెట్లెక్కుతారు. టైటిళ్ల జాబితా ఇస్తారు. ఒకటి ఎంచుకుంటే కోడు, రిపోర్టు, ప్రెజెంటేషన్ అన్నీ కలిపి పెన్‌డ్రైవ్‌లో చేతికిస్తారు. వైవాలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు కూడా అందులోనే ఉంటాయి. ఇలా కొనేవాళ్లంతా సోమరిపోతులని నేను అనను. ఒక గైడ్ కింద పది బ్యాచ్‌లుంటాయి, ల్యాబ్‌లో పరికరాలు అంతంతమాత్రం, మరోవైపు ప్లేస్‌మెంట్ పరీక్షలు. కొనడమే తేలికనిపిస్తుంది.

చిక్కు ఇంటర్వ్యూలో వస్తుంది. మా ఆఫీసులో ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో నేనూ కూర్చుంటుంటా. ప్రాజెక్టు ఏం చేస్తుందని అడిగితే అందరూ గడగడా చెప్పేస్తారు. "ఈ సెన్సరే ఎందుకు? వేరేది ఎందుకు వద్దనుకున్నారు?" అనగానే గది నిశ్శబ్దమైపోతుంది. 'ఏమిటి' అన్నదానికి జవాబు కొనుక్కోవచ్చు. 'ఎందుకు' అన్నదానికి జవాబు అమ్మే కొట్టు ఎక్కడా లేదు. అది నిర్ణయం తీసుకున్నవాడి దగ్గరే ఉంటుంది. మిద్దె మీద రైలు మీ చేత వంద నిర్ణయాలు తీసుకునేలా చేస్తుంది. నేను దీని పక్షాన వాదించడానికి అసలు కారణం అదే.

పెరడు ఎక్కడుంది బాబూ?

విదేశాల్లో దీన్ని గార్డెన్ రైల్వే అంటారు. అక్కడ ఇంటి వెనక పచ్చిక ఉంటుంది. మాది కృష్ణానగర్. జూబ్లీహిల్స్ బంగళాలకు కూతవేటు దూరంలోనే ఉన్నా, ఇక్కడ 60 గజాల్లో నాలుగంతస్తులు లేస్తాయి. సినిమా అవకాశాల కోసం వచ్చినవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ కార్పెంటర్లు, వాళ్ల మధ్య నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు. పెరడన్న మాటే లేదు. కానీ మిద్దె ఉంది. మిద్దె మీద తొట్లలో కరివేపాకు, టమాటా, తులసి పెంచుకోవడం ఇప్పుడు నగరమంతా కనిపిస్తోంది. ఆ మిద్దె తోటే మన గార్డెన్. ఊళ్లో ఉన్నవాళ్లకైతే దర్జాగా పెరడే ఉంటుంది కాబట్టి మీరు మాకన్నా అదృష్టవంతులు.

చోటు ఇంత తక్కువ కాబట్టే నారో గేజ్ అంటున్నా. అసలు నారో గేజ్ పుట్టిందే 'లేమి' లోంచి. డబ్బు తక్కువ, చోటు తక్కువ, కొండలెక్కువ. అలాంటి చోట పట్టాల మధ్య దూరం తగ్గిస్తే వంపులు బిగుతుగా తిప్పవచ్చు, వంతెనలు చిన్నవి చేయవచ్చు, ఇంజిన్ తేలికవుతుంది, ఖర్చు దిగివస్తుంది. డార్జిలింగ్ కొండెక్కిన రైలు పట్టాల మధ్య దూరం రెండడుగులే.

మన తెలుగు నేల మీదా ఒక నారో గేజ్ కథ ఉంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ మీదుగా హౌరా–మద్రాసు మెయిన్ లైన్ వెళ్తుంది. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న పర్లాకిమిడికి రైలు లేదు. అక్కడి రాజా నౌపడ నుంచి తన ఊరికి రెండున్నర అడుగుల గేజ్‌తో, అంటే 762 మిల్లీమీటర్లతో లైన్ వేయించారు. 1900లో రైలు నడిచింది. టెక్కలి, పాతపట్నం ఈ దారిలోవే. 1931 నాటికి లైన్ గుణుపూర్ చేరింది. మొత్తం 90 కిలోమీటర్లు. 2004లో నారో గేజ్ రైళ్లు ఆగిపోయి, ఆ దారి బ్రాడ్ గేజ్ అయింది. శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లను కదిలిస్తే ఆ చిన్న రైలు గురించి ఇప్పటికీ కథలు చెబుతారు. నమూనా కోసం స్విట్జర్లాండ్ దాకా వెళ్లక్కర్లేదు. ఈ లైన్‌నే మిద్దెకెక్కిద్దాం.

మొదటి లెక్క: ఎంత చిన్నగా?

మోడల్ రైల్వేలో మొదటి నిర్ణయం స్కేలు. ఆరుబయట లైన్లకు ఎక్కువగా వాడే పట్టాల వెడల్పులు రెండు: 32 మి.మీ., 45 మి.మీ. ఇళ్లలో కనిపించే పెద్ద సైజు రైళ్లు 45 మి.మీ. పట్టా మీద నడుస్తాయి. 1968లో జర్మనీలో ఎల్జీబీ కంపెనీ దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది. వాళ్లు మీటర్ గేజ్‌ను నమూనాగా పెట్టుకుని 1:22.5 స్కేలు ఎంచుకున్నారు. వెయ్యిని 45తో భాగిస్తే వచ్చేది సుమారుగా అంతే.

మన నమూనా 762 మి.మీ. దాన్ని 24తో భాగిస్తే 31.75. అంటే 32 మి.మీ. పట్టా మీద 1:24 స్కేలు అతికినట్టు సరిపోతుంది. అయిదున్నర అడుగుల మనిషి 7 సెంటీమీటర్ల బొమ్మవుతాడు. 1:24 స్కేలులో బొమ్మ కార్లు మార్కెట్లో చాలానే దొరుకుతాయి కాబట్టి స్టేషన్ బయట నిలబెట్టడానికి జీపు, అంబాసిడర్ వెతుక్కోవడం కష్టం కాదు.

రెండో లెక్క వంపు. సివిల్ వాళ్లకు ఇది తెలిసిందే. మన రైల్వేల్లో వంపును డిగ్రీల్లో చెబుతారు. 1750ని డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్థం మీటర్లలో వస్తుంది. నిబంధనల ప్రకారం బ్రాడ్ గేజ్‌లో 10 డిగ్రీలకు మించి వంచకూడదు, అంటే 175 మీటర్లు. 762 మి.మీ. నారో గేజ్‌లో 40 డిగ్రీల దాకా వెళ్లవచ్చు. అంటే సుమారు 44 మీటర్లు.

ఇప్పుడు రెండింటినీ 24తో భాగించండి. బ్రాడ్ గేజ్‌కు 7.3 మీటర్ల వ్యాసార్థం వస్తుంది. ఒక పూర్తి చుట్టు తిప్పాలంటే 14.6 మీటర్ల వెడల్పు కావాలి. నారో గేజ్‌కు 1.82 మీటర్లు చాలు, చుట్టు వెడల్పు 3.65 మీటర్లు. 60 గజాల ఇల్లంటే, ఉదాహరణకు 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు అనుకోండి. మెట్ల గది, వాటర్ ట్యాంకు పోగా అటూ ఇటూగా 18 అడుగులకు 20 అడుగులు మిగులుతుంది. మీటర్లలో 5.5కు 6. నారో గేజ్ చుట్టు హాయిగా పట్టి, చుట్టూ నడవడానికి, మధ్యలో తొట్లకు చోటు మిగులుతుంది. బ్రాడ్ గేజ్ అయితే పక్కింటి మిద్దె కూడా అద్దెకు తీసుకోవాలి!

చూశారా? 'నారో గేజ్ ఎందుకు?' అని ఇంటర్వ్యూలో అడిగితే మీ దగ్గర అంకెలతో సహా జవాబు ఉంది. ఈ రెండు పేరాల లెక్క బట్టీ పట్టింది కాదు. టేపు పట్టుకుని మిద్దె కొలిస్తే వచ్చింది.

మిద్దె వాలు ఎటు, తమ్ముడూ?

మా కింది అంతస్తులో సినిమా సెట్లకు పనిచేసే కార్పెంటర్ ఒకాయన ఉంటారు. నేను కాగితం మీద గీసుకున్న ప్లాన్ చూపించి "ఎలా ఉందన్నా?" అన్నా. ఆయన కాగితం వైపు చూడకుండా "ముందు మీ మిద్దె వాలు ఎటుందో చూశావా తమ్ముడూ?" అని అడిగారు. వాన నీరు పోవడానికి ప్రతి స్లాబుకూ వాలు ఉంటుంది కదా. వందకు ఒకటి చొప్పున వాలుంటే, 3.65 మీటర్ల చుట్టులో ఈ కొసకీ ఆ కొసకీ మూడున్నర సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది. నేల మీద పట్టాలు పరిచేస్తే రైలు ఒకవైపు ఎక్కడానికి ఆయాసపడుతూ, మరోవైపు దూకుతూ పోతుంది. అందుకే రసమట్టం పెట్టి, కింద ఇటుకలూ చెక్కముక్కలూ సర్ది మొత్తం దారిని సమతలం చేయాలి. షూటింగ్‌లో కెమెరా ట్రాలీ పట్టాలు పరిచేవాళ్లు రోజూ చేసే పని ఇదే. పట్టా కింద చిన్న చిన్న చెక్క ఆప్పులు దోపి, కెమెరా కుదుపు లేకుండా జారేలా చేస్తారు. కృష్ణానగర్‌లో ఇంజినీరింగ్ కాలేజీ లేకపోవచ్చు, ఇంజినీర్లు మాత్రం ప్రతి సందులోనూ ఉన్నారు. వాళ్లకు డిగ్రీ లేదంతే.

ఇక ఎత్తుపల్లాలు. ఒక వంతెన, దాని కింద నుంచి ఇంకో లైన్ వెళ్తే అందంగా ఉంటుందని అందరికీ అనిపిస్తుంది. లెక్క వేయండి. అసలు రైలు 3 మీటర్ల ఎత్తుంటే మన స్కేలులో పన్నెండున్నర సెంటీమీటర్లు. వంతెన మందం, కాస్త ఖాళీ కలిపితే 16 సెంటీమీటర్లు ఎక్కాలి. చిన్న ఇంజిన్ సుఖంగా లాగాలంటే 50కి 1 వాలు మంచిది. అంటే ఎక్కడానికి 8 మీటర్లు, దిగడానికి 8 మీటర్లు. మన చుట్టు మొత్తం పొడవే 11.4 మీటర్లు! వంతెన కల అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు ఒక తొట్టి మీదుగా చిన్న కల్వర్టు పెట్టుకుందాం. ఏది చేయకూడదో తెలుసుకోవడమే డిజైన్‌లో సగం పని. కొన్న ప్రాజెక్టులో ఈ సగం కనిపించదు.

వాతావరణాన్ని మర్చిపోవద్దు. మే నెల మధ్యాహ్నం ఎండలో లోహం 60 డిగ్రీలు దాటగలదు. చలికాలం తెల్లవారుజామున 15కు పడిపోతుంది. తేడా 45 డిగ్రీలు. అల్యూమినియం పట్టా 11.4 మీటర్లకు దాదాపు 12 మి.మీ. సాగుతుంది. పట్టా ముక్కల మధ్య ఖాళీలు వదలకపోతే లైన్ పాములా వంకర్లు తిరుగుతుంది. ఫస్టియర్ ఫిజిక్స్‌లో వ్యాకోచ గుణకం చదివి పరీక్షయ్యాక వదిలేశాం కదా, అది మిద్దె మీద మళ్లీ ఎదురవుతుంది. ఈసారి మార్కుల కోసం కాదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. స్లాబుకు డ్రిల్ కొట్టొద్దు. వాటర్‌ప్రూఫింగ్ పాడైతే కింద ఇంట్లో వాన కురుస్తుంది, మీ రైలు ఆ రోజే ఆగిపోతుంది. అన్నీ విడి ఇటుకల మీద, తీసేయగలిగేలా కట్టండి. అలాగే కంకర, సిమెంటు దిమ్మలు పోసి బరువు పెంచొద్దు. అద్దెకుంటే ఓనర్ అనుమతి ముందే తీసుకోండి. ఇదీ ప్రాజెక్టు మేనేజ్‌మెంటులో భాగమే.

మెదడు ఎక్కడ పెట్టాలి?

ఈసీఈ, సీఎస్ఈ వాళ్లు ఇప్పుడు జాగ్రత్తగా వినండి. రైలుకు కరెంటు పట్టాల నుంచి ఇవ్వాలా, లోపల బ్యాటరీ పెట్టాలా? గదిలో అయితే పట్టాల నుంచి ఇవ్వడం బాగుంటుంది. ఆరుబయట దుమ్ము, తుప్పు, పావురాల రెట్ట పట్టాల మీద పేరుకుంటాయి. చక్రానికి కరెంటు అందదు. అందుకే మిద్దె మీద బ్యాటరీ మంచి ఎంపిక. బ్యాటరీని ఎండలో వదిలేయకుండా రైలును మెట్ల గదిలోని షెడ్డుకు చేర్చేలా చిన్న సైడింగ్ కూడా గీసుకోండి.

మోటార్ ఎంత వేగానిది? అసలు రైలు గంటకు 30 కిలోమీటర్లు పోతుందనుకుందాం. 24తో భాగిస్తే సెకనుకు సుమారు 35 సెంటీమీటర్లు. చక్రం వ్యాసం 32 మి.మీ. అనుకుంటే ఒక్క తిరుగుడుకు 10 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే నిమిషానికి 210 తిరుగుళ్లు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే 200 ఆర్పీఎం గేర్ మోటార్ చేతిలో పెడతారు. రైలు ఒక చుట్టు తిరగడానికి అరనిమిషం పైచిలుకు. చూడ్డానికి సరిగ్గా నారో గేజ్ బండిలాగే తీరిగ్గా పోతుంది.

సెన్సర్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ల్యాబ్‌లో లైన్ ఫాలోవర్ రోబోకు వాడే ఐఆర్ సెన్సర్ నేరుగా పడే ఎండలో తికమకపడుతుంది, ఎందుకంటే సూర్యకాంతిలోనే ఐఆర్ నిండుగా ఉంటుంది. దానికి బదులు ఇంజిన్ అడుగున అయస్కాంతం, పట్టాల మధ్య రీడ్ స్విచ్ పెడితే ఎండతో గొడవ లేదు. "ఈ సెన్సరే ఎందుకు?" అన్న ఆ ఇంటర్వ్యూ ప్రశ్న గుర్తుందా? ఇదిగో జవాబు.

ఈఎస్పీ32 లాంటి చవక బోర్డుతో ఫోన్ నుంచి రైలు నడపవచ్చు. కృష్ణానగర్ లాంటి చోట ఒక్క మిద్దె మీద నిలబడితే ఫోన్‌లో పాతిక వైఫైలు కనిపిస్తాయి. సిగ్నల్ ఎప్పుడైనా తెగవచ్చు. తెగితే రైలు ఏం చేయాలి? ఆగిపోవాలి. రైల్వే భద్రతకు మూలసూత్రం ఇదే. ఏది చెడిపోయినా ఫలితం 'ఆగు' అనే కావాలి, 'పో' అని కాకూడదు. మీ కోడ్‌లో దీనికి నాలుగైదు లైన్లు చాలు. కానీ ఆ లైన్లు రాయాలన్న ఆలోచన వచ్చిందంటే మీరు విద్యార్థి దశ దాటి ఇంజినీర్ అయినట్టే.

ఇప్పుడు రెండో రైలు దించండి. లైన్ ఒక్కటే, ఎదురెదురుగా రెండు బండ్లు. సింగిల్ లైన్ల మీద రైల్వే దీన్ని టోకెన్‌తో పరిష్కరించింది. స్టేషన్ మాస్టర్ ఇచ్చే ఇనుప గుండు ఒకటి, తోలు సంచిలో పెట్టి రింగుకు కట్టి డ్రైవర్‌కు అందించేవారు. అది చేతిలో ఉన్న బండే ఆ ముక్కలోకి వెళ్లాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ అని చదువుకున్నది ఇదే. 1960ల్లో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా తన పద్ధతికి 'సెమాఫోర్' అని పేరు పెట్టింది కూడా రైలు సిగ్నల్‌ను చూసే. డెడ్‌లాక్ అంటే ఏమిటో పుస్తకంలో అర్థం కాకపోతే, మిద్దె మీద రెండు రైళ్లు ముక్కు ముక్కు ఆనించి నిలబడ్డప్పుడు తప్పకుండా అర్థమవుతుంది.

ఇది పిల్లలాట కాదు

'ఆటబొమ్మలకు ఉద్యోగాలిస్తారా?' అని అడిగేవాళ్లకు చరిత్ర చూపిస్తా. అమెరికాలోని ఎంఐటీలో 1946లో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ మొదలైంది. పాత టెలిఫోన్ రిలేలు, స్విచ్‌లతో బొమ్మ రైళ్లకు సిగ్నలింగ్ కట్టిన ఆ కుర్రాళ్లే తర్వాత క్యాంపస్‌లోని కంప్యూటర్ల మీద పడ్డారు. 'హ్యాకర్' అన్న మాట కంప్యూటర్ల లోకంలోకి రావడంలో ఆ క్లబ్ పాత్ర పెద్దది. తొలి కంప్యూటర్ గేముల్లో ఒకటైన స్పేస్‌వార్ 1962లో ఆ గుంపు చేతుల్లోనే తయారైంది.

ఇంకొకటి. గిట్‌హబ్‌లో ఓపెన్ సోర్స్ లైసెన్సులు చూస్తుంటాం కదా. ఆ లైసెన్సు షరతులను ఉల్లంఘిస్తే కాపీరైట్ ఉల్లంఘన కింద దావా వేయవచ్చని 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు చెప్పింది. ఆ కేసు దేని మీదో తెలుసా? మోడల్ రైళ్లను కంప్యూటర్‌తో నడిపే 'జేఎంఆర్ఐ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద. దాన్ని రాసినవాళ్లు అభిరుచి కొద్దీ రైళ్లు నడిపేవాళ్లు. ఆ కోడ్ ఈరోజుకీ అందరికీ అందుబాటులో ఉంది. మీరు అందులో చిన్న బగ్ సరిచేసినా రెజ్యూమెలో గర్వంగా రాసుకోవచ్చు.

జర్మనీలోని హాంబర్గ్‌లో కవల సోదరులు 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌ల్యాండ్ ఇప్పుడు వందల మందికి జీతాలిస్తోంది. మన దేశంలో పుణేలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. మన సినిమా వాళ్లకైతే సూక్ష్మ నమూనాలు కొత్త కాదు. 1957 నాటి మాయాబజార్‌లో కనిపించే ద్వారక నగరం సుమారు 300 చిన్న చిన్న ఇళ్లతో కట్టిన నమూనా. మార్కస్ బార్ట్‌లీ దానికి దీపాలు అమర్చి కెమెరాలో నిజం చేశారు. అది మద్రాసు స్టూడియోల కాలం. ఆ పనితనానికి వారసులు ఇప్పుడు కృష్ణానగర్, ఇందిరానగర్ సందుల్లో ఉన్నారు. మౌల్డింగ్ ఎలా పోయాలో, కొత్త చెక్కను పాత చెక్కలా ఎలా రంగేయాలో వాళ్లను మించి చెప్పేవాళ్లు లేరు. తేడా ఒక్కటే. సెట్ షూటింగ్ అయ్యేదాకా నిలబడితే చాలు, మన స్టేషన్ రెండు వానాకాలాలు నిలబడాలి. కాబట్టి థర్మాకోల్, ప్లాస్టర్ పక్కనపెట్టి సిమెంటు, పీవీసీ వాడాలి.

ఉద్యోగాల సంగతికే వద్దాం. రైళ్లు ఢీకొనకుండా చూసే మన దేశపు 'కవచ్' వ్యవస్థ పరీక్షలకు దక్షిణ మధ్య రైల్వేయే వేదికైంది. ఆ పరికరాలు తయారుచేసే మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. రైల్వే సిగ్నలింగ్ ఇంజినీర్లకు శిక్షణనిచ్చే ఇరిసెట్ ఉన్నది సికింద్రాబాద్‌లోనే. మిద్దె మీద రెండు బొమ్మ రైళ్లు ఢీకొనకుండా చేసినంత మాత్రాన అక్కడ ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. ఆ మాట చెప్పేవాళ్లు ఎవరైనా అమ్మకానికి వచ్చినవాళ్లే. కానీ 'ఫెయిల్ సేఫ్ అంటే ఏమిటి?' అని అడిగితే నిర్వచనం కాకుండా అనుభవం చెప్పే అభ్యర్థి ఏ కంపెనీలోనైనా వేరుగా కనిపిస్తాడు. రైల్వే కంపెనీయే కానక్కర్లేదు. సెన్సర్, కంట్రోల్, నెట్‌వర్క్ తెగితే ఏమవుతుంది అన్న ప్రశ్న లిఫ్టులోనూ ఉంది, ఎలక్ట్రిక్ స్కూటర్‌లోనూ ఉంది, పేమెంట్ యాప్‌లోనూ ఉంది.

డబ్బు, టైమ్, మార్కులు

ఇది డబ్బున్నోళ్ల సరదా అంటారు కొందరు. దిగుమతి చేసుకున్న ఇంజిన్లు, పట్టాలు కొంటే నిజమే. వాటి జోలికే వెళ్లొద్దు. రాణిగంజ్‌లో అల్యూమినియం పట్టీ, పీవీసీ పైపు దొరుకుతాయి. స్లీపర్లకు కార్పెంటర్ పారేసిన చెక్కముక్కలు చాలు, కాస్త నూనె పట్టించండి. నలుగురు జట్టుకడితే ఖర్చు నాలుగు భాగాలవుతుంది. పని కూడా బ్రాంచీల వారీగా పంచుకోవచ్చు. లైన్ సివిల్ వాళ్లది, బండి మెకానికల్ వాళ్లది, కంట్రోల్ ఈసీఈ వాళ్లది, సాఫ్ట్‌వేర్ సీఎస్ఈ వాళ్లది. నాలుగు బ్రాంచీలు కలిసి ఒక వస్తువు చేయడం మన కాలేజీల్లో ఎంత అరుదో మీకు తెలుసు. ఆఫీసులో మాత్రం మొదటి రోజు నుంచీ అదే పని.

గైడ్ ఒప్పుకోరేమో అన్న భయం సహజమే. 'బొమ్మ రైలు' అని టైటిల్ పెట్టకండి. 'సింగిల్ లైన్ మీద ఫెయిల్ సేఫ్ రైలు నియంత్రణ వ్యవస్థ' అని పెట్టండి. ఇది మోసం కాదు, మీరు చేస్తున్నది నిజంగా అదే. అయినా ఒప్పుకోకపోతే ఫైనలియర్‌తో ముడిపెట్టకుండా సెకండియర్ సెలవుల్లోనే మొదలుపెట్టండి.

ఒకేసారి అంతా తలకెత్తుకోవద్దు. మొదటి నెల కొలతలు, కాగితం, లెక్కలు. రెండో నెల ఒక చుట్టు పట్టాలు, చేత్తో తోసే ఒక పెట్టె. అది పట్టా తప్పకుండా పది చుట్లు తిరిగేదాకా మోటార్ మాటే ఎత్తొద్దు. మూడో నెల మోటార్, బ్యాటరీ. నాలుగో నెల సెన్సర్లు, రెండో బండి, టోకెన్. ప్రతివారం ఒక నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయండి: ఏం చేశాం, ఏం వద్దనుకున్నాం, ఎందుకు. నన్నడిగితే ఆ నోట్‌బుక్ రైలు కన్నా విలువైనది. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు అదే తీసుకెళ్లండి. రెజ్యూమెలో ఒక ఫొటో, ఒక నిమిషం వీడియో లింకు చాలు.

మిద్దె లేదు, పెరడు లేదు, హాస్టల్ గదిలో నలుగురం అంటారా? కాలేజీ గార్డెన్‌లో ఓ మూల అడగండి. ప్రిన్సిపాల్‌కు ఓపెన్ డే నాడు చూపించుకోవడానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు. అదీ కుదరకపోతే సూత్రం గుర్తుంచుకోండి, వస్తువు మార్చుకోండి. మీ చోటును మీరే కొలవాలి, పరిమితులు మీరే తెలుసుకోవాలి, ఎండకీ వానకీ పెట్టి చూడాలి. తొట్లకు నీళ్లు పోసే యంత్రమైనా సరే, ఆ మూడూ ఉంటే అది మీ ప్రాజెక్టే.

నౌపడ నుంచి పర్లాకిమిడికి లైన్ వేసినవాళ్లు మెయిన్ లైన్ తమ ఊరికి వచ్చేదాకా ఆగలేదు. ఉన్న డబ్బుకు, ఉన్న నేలకు తగ్గ గేజ్ ఎంచుకుని రైలు నడిపారు. అది నూరేళ్లకు పైగా నడిచింది. మీ కాలేజీ, మీ ల్యాబ్, మీ జేబు ఏ గేజ్‌లో ఉన్నాయో మీకే తెలుసు. ఈ ఆదివారం ఒక టేపు తీసుకుని మిద్దె ఎక్కండి. ముందు వాలు ఎటుందో చూడండి.